ఉన్న ఫైలు లేదంటుంది

లైట్లు మళ్లీ వెలిగేలోపు నేను చేయవలసిన పనులు: ఫ్రిజ్‌లో ఉండిపోయిన చుంగ్ అన్న అన్నం డబ్బా పారేయాలి, సర్వరు నెత్తిన కొత్త ఆకుపచ్చ పొట్లం పెట్టాలి, ఉదయం నుంచి మొరాయిస్తున్న కంప్యూటరు స్క్రిప్టు ఎందుకు నడవడం లేదో కనుక్కోవాలి, దాన్ని నడిపించి కొలతల పట్టిక ఫ్యాక్టరీకి చేర్చాలి, ఆ తర్వాత జరిగిన తప్పు మీద నివేదిక రాసి అందులో 'బాధ్యులు' అనే గడిలో చుంగ్ వెన్‌హుయ్ అని నింపాలి. ఇవన్నీ మా మేనేజరు తెంగ్ గారు పుల్లతో పళ్లు కుట్టుకుంటూ చెప్పారు. ఒక్కొక్క పని చెప్పాక పుల్ల చివర చిక్కినదాన్ని చూసుకుని మళ్లీ నోట్లో పెట్టుకున్నారు. "ఆయన పేరెందుకండీ?" అన్నాను. "పోయినవాడికి ఇంకేం పోతుందమ్మాయ్? బతికున్నవాడి పేరు రాస్తే వాడి ప్రమోషన్ పోతుంది," అని తన మాట తనకే ముద్దొచ్చినట్టు నవ్వి, కళ్లకు గంతలు కట్టుకుని, మెడదిండు ఊదుకుని, బల్ల మీద వాలిపోయారు. ఎవరో స్విచ్చి నొక్కారు. ఆఫీసంతా చీకటి. ఇక మధ్యాహ్నపు నిద్ర అయ్యేదాకా ఇక్కడ ఎవరూ ఎవరితోనూ మాట్లాడకూడదు, నా కంప్యూటరు తెర వెలుగు కూడా పక్కవాళ్ల మొహాన పడకూడదు, అందుకని వెలుగు తగ్గించి కూర్చున్నాను.

మొదట డబ్బా పనే చేశాను, చెప్పిన వరుసలో చేయడం నాకు చిన్నప్పటి నుంచి అలవాటు. ఎండబెట్టిన ఆవాకు వేసి ఉడికించిన పంది మాంసం, మా హక్కా జాతివాళ్ల ఇళ్లలో వండేదే, మా అమ్మా వండుతుంది. వారం పైన ఫ్రిజ్‌లో ఉన్నదాని మూత తీశాను, కొవ్వు తెల్లగా పేరుకుని దాని మీద నీలం బూజు, కింద అన్నం బంకలా సాగుతోంది. ఇన్నాళ్లుగా అందరూ ఆ ఫ్రిజ్ తలుపు తీస్తూనే ఉన్నారు, తమ పెరుగూ తమ పళ్లరసమూ తీసుకుని డబ్బాను కాస్త వెనక్కి నెట్టి మూసేస్తూనే ఉన్నారు. ఆ డబ్బా తెచ్చిన రోజు ఆయన తినలేదు, రాత్రంతా ఇక్కడే ఉన్నాను చెల్లీ, ముందు కాస్త కునుకు తీస్తాను, లేచాక తింటాను అన్నాడు. అంతా చెత్తబుట్టలోకి తోశాను గానీ డబ్బా పారేయలేదు. మూడు నాలుగు సార్లు తోమాను, వాసన వేళ్లకు పట్టింది, సబ్బుకి పోలేదు. ఇప్పుడు డబ్బా నా పక్కనే బోర్లించి ఉంది, మీటలు నొక్కుతుంటే నా వేళ్ల నుంచి ఆ వాసన, ముందు వరుస నుంచి ఎవరివో సాక్సుల వాసన, ఎవరో తిని మూత పెట్టని ఊరబెట్టిన సోయా జున్ను వాసన, కిటికీలు తెరవరు, ఏసీ అదే గాలిని మళ్లీ మళ్లీ మింగి కక్కుతోంది.

ఈ బల్ల కూడా చుంగ్ అన్నదే. ఆయన పోయిన మర్నాడు కీడు పోవాలని ఎవరినో పిలిపించి బల్ల చుట్టూ ఉప్పూ బియ్యమూ చల్లించారు, కుర్చీ మార్చారు, అయినా ఇక్కడ కూర్చోవడానికి ఎవరూ ఒప్పుకోలేదు, అందుకని అందరికంటే చిన్నదాన్ని నన్ను కూర్చోబెట్టారు. "నువ్వు చదువుకున్నదానివి, ఇలాంటివి నమ్మవుగా?" అన్నారు తెంగ్ గారు, మిగతావాళ్లు ఎవరూ చదువుకోనట్టు. ఉప్పు పలుకులు ఇంకా కీబోర్డు కింద ఉన్నాయి, మణికట్టుకు గరగరమని తగులుతున్నాయి. తుడుచుకున్నా ఎక్కడి నుంచో ఇంకో రెండు వస్తాయి.

స్క్రిప్టు నడుపుతాను, అలాంటి ఫైలు లేదు అంటుంది. ఫైళ్లుండే డైరెక్టరీలో చూస్తాను, ఫైలు ఉంది. పేరుతో సహా ఉంది, పరిమాణం ఉంది, నడిపే అనుమతి ఉంది. మళ్లీ నడుపుతాను, లేదంటుంది. తెరిచి చదువుతాను, చుంగ్ అన్న రాసిన వరుసలన్నీ చక్కగా కనిపిస్తాయి, కళ్లెదుట ఉన్నదాన్ని పట్టుకుని లేదు పొమ్మంటుంటే చెంప మీద కొట్టాలనిపిస్తుంది, యంత్రానికి చెంపలు ఉండవు. ఉదయం ఫ్యాక్టరీ వాళ్లు ఫోన్ చేసి కొలతలు రాలేదని అరిచినప్పుడు తెంగ్ గారు ఈ తెర వంక కూడా చూడలేదు, నేరుగా సర్వరు గదిలోకి పోయి పొట్లం చూశారు. మా ఊళ్లో సర్వరున్న ప్రతి గదిలోనూ ఉంటుంది అది, కొబ్బరి రుచి చిరుతిండి, ఆకుపచ్చ పొట్లమే అయ్యుండాలి, తేదీ దాటకూడదు, అప్పుడే యంత్రం బుద్ధిగా ఉంటుందని నమ్మకం. "పోయిన నెలతో తేదీ అయిపోయిందిరా! ఒక్కడూ చూసుకోడా?" అని ఆయన వేసిన కేకకు అద్దాలు అదిరాయి. ఎవరో పరుగెత్తి కొత్తది తెచ్చారు. పాతదాన్ని సర్వరు ముందు తినకూడదట, బయటికి తీసుకుపోయి పంచుకు తిన్నారు, తేదీ దాటినదాన్ని, వేళ్లు చీక్కుంటూ. చుంగ్ అన్న పోయినప్పుడు ఈ గదిలో ఇంత గొంతు ఎవరికీ లేవలేదు.

కొత్త పొట్లం పెట్టి వచ్చాను, చెప్పారు కదా. మళ్లీ నడిపాను. అలాంటి ఫైలు లేదు.

సరే, ఇలాంటప్పుడు మొదట దేన్ని అనుమానించాలో చుంగ్ అన్నే నేర్పాడు. విండోస్‌లో తెరిచి సేవ్ చేసిన స్క్రిప్టు అయితే ప్రతి వరుస చివరా కంటికి కనబడని గుర్తు ఒకటి అంటుకుంటుంది, మా సర్వరు నడిచే లినక్స్ దాన్ని కూడా ఫైలు పేరులో భాగమనుకుని లేని దానికోసం వెతుకుతుంది. "ఈగ పడిన పులుసు లాంటిదిది, పైకి పులుసే, నోట్లో పెడితే తెలుస్తుంది," అనేవాడు. కనబడని గుర్తుల్ని కనబడేలా చూపమన్నాను. ఏమీ లేవు. ఈగ లేదు. ఏ డైరెక్టరీ నుంచి నడుపుతున్నానో చూశాను, సరైనదే. లోపల పేర్కొన్న ఫైళ్లు ఒక్కొక్కటీ వెతికాను, అన్నీ ఉన్నాయి. అన్నీ ఉన్నాయి, లేదంటోంది. పక్క వరుసలో ఎవరో గోళ్లు కత్తిరించుకుంటున్నారు, చీకట్లో టక్, టక్, ఒక ముక్క ఎగిరి నా బల్ల మీద పడింది, ఉప్పు పలుకు అనుకుని వేలితో తీశాను, ఛీ.

బడిలో కూడా ఇదే నిద్ర. భోజనం కాగానే తల బల్ల మీద పెట్టాలి, నిద్ర రాకపోయినా పెట్టాలి, చెక్క బల్లకు అంతకుముందు కూర్చున్న వాళ్ల చెమటా చొంగా వాసన, చెంప అంటుకుపోయేది. తల ఎత్తినవాళ్ల పేర్లు నల్లబల్ల మీద రాసే పని నాది, మంచి మార్కులొచ్చే పిల్లకి ఆ పని ఇస్తారు. మా నాన్న తేయాకు వేయించే బట్టీలో పని ముగించుకుని వచ్చి, మా అమ్మాయి బళ్లో అందరి పేర్లూ రాస్తుందట అని పొరుగువాళ్లకి చెప్పుకునేవాడు, తర్వాత కాలేజీలో చేరాక మా అమ్మాయి కంప్యూటర్లతో మాట్లాడుతుంది అనేవాడు, మా వంశంలో కాలేజీ గడప తొక్కింది నేనే కాబట్టి ఆయన ఏమన్నా చెల్లేది. ఉద్యోగంలో చేరేముందు చెప్పింది ఒక్కటే: పెద్దవాళ్లు చెప్పింది చెయ్యి తల్లీ, ఎదురు చెప్పకు. చెయ్యడమే చేస్తున్నాను నాన్నా. తల ఎత్తకూడదు, పడుకున్నవాళ్లని లేపకూడదు, లేవనివాళ్లని అసలే లేపకూడదు, ఇదే కదా మాకు బళ్లో అన్నిటికంటే బాగా ఒంటబట్టిన పాఠం.

ఆ రోజు లైట్లు వెలిగాయి, అందరూ ఆవులించారు, కుర్చీలు కిర్రుమన్నాయి, చుంగ్ అన్న తల ఎత్తలేదు. మడిచిన కోటు మీద చెంప, చేతులు తల చుట్టూ. తెంగ్ గారు పెదాల మీద వేలు పెట్టి, "పడుకోనీయండి, పాపం రాత్రంతా పనిచేశాడు," అన్నారు, ఎంత మెత్తగా అన్నారో, అందరికీ ఆయన మీద గౌరవం కలిగింది, నాకూ కలిగింది, అది తలుచుకుంటే ఇప్పుడు నోరంతా చేదు. మెత్తటి చెప్పులు వేసుకుని మునివేళ్ల మీద నడిచాం. ప్రింటరు చప్పుడు చేస్తుందని ఎవరో ఆపేశారు. ఒకావిడ తన శాలువా తెచ్చి కప్పింది. నేను టీ పెట్టి చేతికి అందేంత దూరంలో ఉంచాను. అది చల్లారి పైన పొర కట్టేదాకా మేమందరం ఒక చచ్చిపోయిన మనిషి నిద్ర చెడకుండా కాపలా కాశాం. చివరికి ఆయన బల్ల మీది ఫోను మోగింది, ఆగకుండా మోగింది, "ఆ ఫోను ఎత్తవయ్యా బాబూ, ఫ్యాక్టరీ వాళ్లు!" అని తెంగ్ గారు దూరం నుంచి విసుక్కున్నారు, ఎత్తలేదు. ఆయన లేవాలని మాలో ఎవరికైనా అనిపించిన మొదటి క్షణం అది, అదీ ఫ్యాక్టరీ కోసం.

మొన్న వదిన వచ్చింది, చుంగ్ అన్న భార్య, ఆయన చెప్పులూ కప్పూ మెడదిండూ తీసుకెళ్లడానికి. వెంట ఒక పూజారి, చేతిలో గంట. ఇంటికి బయట పోయినవాళ్లని పోయిన చోటికే వచ్చి పేరు పెట్టి పిలిచి తీసుకెళ్లాలి, లేకపోతే ఆత్మకు దారి తెలియక అక్కడే తిరుగుతుంది, ఎవరి ఇంట్లోనైనా చేసేదే. తెంగ్ గారు తలుపు దగ్గరే అడ్డం నిలబడ్డారు. "అమ్మా, ఇది ఆఫీసు. ధూపాలూ గంటలూ ఇక్కడ కుదరవు, క్లయింట్లు వస్తుంటారు, కింద పార్కింగులో చేసుకోండి." ఉప్పూ బియ్యమూ చల్లించిన మనిషి, పొట్లానికి తేదీ దాటిందని గగ్గోలు పెట్టే మనిషి. మాకు కీడు తగలకుండా చేసుకునేవన్నీ కుదురుతాయి, చుంగ్ అన్న ఇంటికి పోవడానికి చేసేది కుదరదు. వదిన వాదించలేదు. కప్పు కాగితంలో చుడుతుంటే నన్ను అడిగింది, "ఎవరైనా పిలిచారా చెల్లీ?" "ఫోను మోగింది వదినా," అన్నాను. "ఫోను సంగతి కాదు. పేరు పెట్టి ఎవరైనా పిలిచారా అని." నేను కాగితం అందించాను. తర్వాత కిటికీలోంచి చూశాను, పార్కింగులో స్కూటర్ల మధ్య నిలబడి మా అంతస్తు వైపు తలెత్తి పిలుస్తోంది, అద్దాలు మందం, నోరు కదలడమే కనిపించింది. పక్కన సిబ్బంది విభాగం ఆవిడ కూడా చూస్తోంది. "కార్మిక శాఖకి అర్జీ పెట్టిందట, పని భారంతో పోయాడని," అంది నాతో, పళ్లరసం పీలుస్తూ. ఈ రోజు స్క్రిప్టు ఆగగానే లిఫ్టు దగ్గర తెంగ్ గారితో ఆవిడే అన్నది విన్నాను: "మంచిదేగా! ఆయన తప్పని ఒక్క కాగితం ఉంటే చాలు, రాత్రులు కూర్చున్నది తన తప్పులు తను దిద్దుకోవడానికే, మేం కూర్చోమనలేదు అని చెప్పొచ్చు." ఆ కాగితమే నేను రాయాల్సింది. లైట్లు వెలిగేలోపు.

ఎవరో నిద్రలో గుటక వేశారు. తెంగ్ గారి గురక చివర చిన్న ఈల. నేను స్క్రిప్టు మళ్లీ పైకి జరిపాను, ఏమీ తోచనప్పుడు మొదటి నుంచి చదవాలి కదా, మొదటి వరుస, ఎప్పుడూ చదవనిది, అన్ని స్క్రిప్టుల్లోనూ ఒకలాగే ఉంటుంది గనుక కళ్లు దాటేసేది. ఈ స్క్రిప్టును చదివి నడిపే ప్రోగ్రాం ఎక్కడుందో ఆ వరుసలో ఉంటుంది. అక్కడ చుంగ్ అన్న పేరుంది. మా యంత్రాల్లో ప్రతి ఉద్యోగికీ తన పేరున ఒక డైరెక్టరీ ఉంటుంది, ఆ ప్రోగ్రాం ఆయన డైరెక్టరీలో ఉంది. ఉండేది. వెళ్లి చూశాను. డైరెక్టరీయే లేదు. లేనిది స్క్రిప్టు కాదు, దాన్ని చదివేవాడు. కానీ ఈ దరిద్రపు సందేశం పోయినదాని పేరు చెప్పదు, ఎదురుగా ఉన్నదాని పేరు చెప్పి అది లేదంటుంది, ఉదయం నుంచీ నేను ఉన్నదాన్నే పట్టుకుని తడుముతున్నాను.

లేచి, చెప్పులు విడిచి, కువో దగ్గరికి నడిచాను. యంత్రాల ఖాతాలు చూసే కుర్రాడు, బల్ల కింద ఫోనులో ఆట ఆడుకుంటున్నాడు. "కువో, చుంగ్ అన్న ఖాతా తీసేశావా?" "ష్! నిన్న తీసేశానక్కా." "ఎందుకు?" "ఎందుకేంటి, వెళ్లిపోయినవాళ్లది వారంలోపు తీసేయాలని రూలు. తెంగ్ గారు గుర్తు చేశారు." "ఆయన వెళ్లిపోలేదురా, చచ్చిపోయాడు." "దానికి వేరే గడి లేదక్కా ఫారంలో," అన్నాడు, కళ్లు ఆట మీదే ఉన్నాయి, "ఏం, ఏమైనా కావాలా అందులో? రాదిక. మొత్తం తుడిచేశా." నిన్న ఏడో రోజు. పోయినవాళ్లు ఇల్లు చూసుకోవడానికి వచ్చే రోజు, వదిన ఆయనకు ఇష్టమైనవన్నీ వండి బల్ల మీద పెట్టి ఎదురుచూసి ఉంటుంది, ఇక్కడ వీడు ఒక వేలితో ఆయన పేరున ఉన్నదంతా ఊడ్చేశాడు, ఆపైన టీ తాగి ఉంటాడు.

ఆ ప్రోగ్రాం ఆయన డైరెక్టరీలో ఎందుకుందో ఎవరూ నాకు చెప్పక్కర్లేదు, దాని గురించి జరిగిన మీటింగులో నేనున్నాను, నీళ్లు పోస్తున్నాను. "సర్వరులో ఉన్నది మరీ పాతదండీ, ఈ కొత్త కొలతలు దానికి ఎక్కవు, కొత్తది వేయించండి," అన్నాడు చుంగ్ అన్న. "నడిచేదాన్ని ముట్టుకోకు," అన్నారు తెంగ్ గారు. "నడవదండీ వచ్చే నెల నుంచి." "అయితే నువ్వు నడిపించు, ఎలాగో నాకు చెప్పకు." అందరూ నవ్వారు. తరువాతి నెలలో మళ్లీ అడిగాడు, ఈసారి నవ్వడానికి కూడా ఎవరూ తల ఎత్తలేదు. సర్వరు ముట్టుకునే అనుమతి ఆయనకు లేదు, అందుకని కొత్త ప్రోగ్రాం తన డైరెక్టరీలో పెట్టుకున్నాడు, స్క్రిప్టుకు ఆ దారి చూపించాడు. పాతదానికీ కొత్తదానికీ పొసగని చోటల్లా రాత్రులు కూర్చుని అతుకు వేశాడు. నడిచేదాన్ని ఎవరూ ముట్టుకోలేదు, నడిపిస్తున్నవాడిని కూడా.

పాతదాంతో నడిపి చూశాను, పదో వరుసలోనే కూలబడింది. అప్పుడు గుర్తొచ్చింది. నేను కొత్తగా చేరినప్పుడు నాకు నేర్పడానికని ఆ ప్రోగ్రామునే నా డైరెక్టరీలోనూ ఒకటి పెట్టాడు, "పాడు చేసుకో చెల్లీ, నాది చెడగొట్టకు," అని. వెళ్లి చూశాను, ఉంది. ఆయన పెట్టిన తేదీతో ఉంది. దాన్ని ఏ ఒక్కరి పేరూ లేని ఉమ్మడి చోటికి మార్చాను, నేను పోయినా తుడిచిపోని చోటికి. మొదటి వరుసలో ఆయన పేరు తీసి ఆ దారి రాశాను. తీస్తుంటే వేలు ఆగింది. ఆయన పేరు ఈ ఆఫీసులో మిగిలిన చివరి చోటు అదే, దాన్ని తుడుస్తున్నది నేను, తర్వాత నింపాల్సిన చోటేమో నివేదికలోని ఆ గడి. నడిపాను. వరుసలు జలజలా దిగాయి. కొలతలు ఫ్యాక్టరీకి వెళ్లాయి. సంతోషం కలగలేదు, వేళ్ల వాసనే కొట్టింది.

నివేదిక తెరిచాను. ఏం జరిగింది, ఎందుకు జరిగింది, ఎలా సరిచేశారు, బాధ్యులు. చెప్పింది చెయ్యి తల్లీ. ఒక్క పేరు, మూడు అక్షరాలు, మా లిపిలో రాయడానికి ఎంతసేపు, నల్లబల్ల మీద ఎన్ని రాయలేదు. ఎదురు చెబితే ఉద్యోగం ఉండదు, నాన్న పొరుగువాళ్లకి ఇంకో మాట వెతుక్కోవాలి, కంప్యూటర్లతో మాట్లాడే అమ్మాయి ఇంట్లో కూర్చుంది అని. తెంగ్ గారు ఒత్తిగిల్లారు, చప్పరించారు, గురక మళ్లీ అందుకుంది. నిద్రలో కూడా ఏదో నములుతున్న ఆ మొహం, చొంగకు తడిసిన ఆ చొక్కా చెయ్యి, పడుకోనీయండి అన్న ఆ మెత్తటి గొంతు. నాకు భయం వేసింది, వేసిన మాట నిజం, కానీ దాని కంటే రోత పెద్దదైపోయింది, ఆ రోతతోనే రాశాను. స్క్రిప్టు పోలేదు. దాన్ని నడిపే ప్రోగ్రాం కొత్తది కావాలని అడిగినది చుంగ్ వెన్‌హుయ్, రెండుసార్లు. కాదన్నది తెంగ్. కాదన్న తర్వాత రాత్రులు కూర్చుని పని ఆగకుండా నడిపినది చుంగ్ వెన్‌హుయ్. అతను పోయిన ఏడో రోజున దాన్ని తుడిచినది కువో, తుడవమన్నది తెంగ్. చూసి సరిచేసినది పెంగ్ యీజెన్, అంటే నేను. బాధ్యులు అన్న గడిలో ఏం రాయాలో తెలియక, పైన రాసిన వాళ్లు, ఎవరి వంతు వాళ్లది, అని రాశాను. ఫ్యాక్టరీకి పంపాను. తెంగ్ గారికి పంపాను. ఆఫీసులో అందరికీ పంపాను. వదినకు కూడా పంపాను.

లైట్లు వెలిగాయి. ఆవులింతలు, కుర్చీల కిర్రు. తెంగ్ గారు తల ఎత్తలేదు. అలవాటు కొద్దీ అందరూ మునివేళ్ల మీద నడుస్తున్నారు, ఒకరు అప్పుడే పెదాల మీద వేలు పెట్టారు. నేను వెళ్లి ఆయన భుజం పట్టుకుని కుదిపాను. "తెంగ్ గారూ! లేవండి!" గదంతా బిగుసుకుపోయింది. ఆయన గంతలు నుదుటి మీదికి తోసుకుని, చెంప మీద బొత్తాం అచ్చుతో, పెదవి నుంచి బల్ల దాకా సాగిన చొంగతో నన్ను చూశారు. "ఏంటే, ఏమైంది, నిప్పంటుకుందా?" "ఏం కాలేదండీ. బతికున్నారో లేదో చూశాను." "పిచ్చి పట్టిందా నీకు? నివేదిక రాశావా?" "రాశానండీ." "పేరు?" "అందరివీ." ఆయన ఫోను వెతుక్కుంటుండగానే నేను నా బల్ల దగ్గరికి వచ్చేశాను. ఉప్పు గరగర, తోమిన డబ్బా. గంట లేదు, ధూపం లేదు, వదిన లేదు. అందరూ వింటుండగా, ఆయన తల పెట్టుకున్న చోట చెయ్యి పెట్టి గట్టిగానే పిలిచాను: "చుంగ్ వెన్‌హుయ్ అన్నా, పట్టిక వెళ్లిపోయింది. లే, ఇంటికి పోదాం." ఎవరో ముక్కు చీదారు. ఎవరో నవ్వాపుకున్నారు. "అమ్మాయ్, ఇటు రా!" అని తెంగ్ గారు అరుస్తున్నారు. డబ్బా సంచిలో పెట్టుకున్నాను, సాయంత్రం వదినకు ఇవ్వాలి.

ఇది చదువుతున్న మీరు నన్ను తలుచుకోనక్కర్లేదు, నా ఉద్యోగం ఏమవుతుందో అదే అవుతుంది. కానీ మీ పక్కన ఎవరైనా అలసి బల్ల మీద తల వాల్చినప్పుడు, ఎంత మెత్తగా ఎవరు వద్దన్నా సరే, ఒక్కసారి పేరు పెట్టి పిలవండి. పిలిచేముందు చుంగ్ వెన్‌హుయ్ అనే ఒక మనిషిని, లేచాక తింటానని అన్నం డబ్బా మూత పెట్టుకున్నవాడిని, దయచేసి గుర్తు చేసుకోండి.